మా అమ్మ చేతి వంటలా లేదు

రెండేళ్ళ కిందట సంక్రాంతి సెలవులకు రాజమండ్రి వెళ్ళినప్పుడు మా వీధి చివరి హోటల్లో పెసరట్టు తిన్నాను. చెయ్యి కడుక్కుని వస్తూ పెనం దగ్గరున్న మాస్టరుతో ఒక మాట అన్నాను. "మాస్టరుగారూ, అచ్చం మా అమ్మ చేసినట్టే ఉందండీ." అప్పటికి నాకు తెలిసిన పొగడ్తల్లో అంతకన్నా పెద్దది లేదు. ఆయన తల ఎత్తలేదు, అట్లకాడ ఆపలేదు. "మీ అమ్మగారు పొద్దున్న ఆరింటి నుంచి పదింటి దాకా మూడు వందల అట్లు వేస్తారామ్మా?" అన్నారు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

అప్పటికి నేను హైదరాబాదులో హోటల్ మేనేజ్‌మెంట్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. తెల్లకోటు, నెత్తిన తెల్లటోపీ, కత్తుల సంచీ, అన్నీ కొత్తవే. ఇప్పుడు మూడో సంవత్సరం. ఈ రెండేళ్ళలో ఆ ఒక్క ప్రశ్న నన్ను వదలలేదు. ఇంటికి వెళ్ళి లెక్కవేశాను కూడా. నాలుగు గంటలకు మూడు వందలంటే 48 సెకన్లకు ఒక అట్టు. మధ్యలో ఉల్లిపాయ వద్దనేవాళ్ళు, ఉప్మా ఎక్కువ కావాలనేవాళ్ళు, "కాస్త దోరగా, కానీ మాడకుండా" అనే మా నాన్నలాంటివాళ్ళు. మా అమ్మ ఆదివారాల్లో నలుగురికి ఎనిమిది అట్లు వేసి, తొమ్మిదోది అడిగితే అట్లకాడ చూపిస్తుంది.

అందుకే ఈ వ్యాసం. మన హోటళ్ళలో వండేవాళ్ళ గురించి మనం వాడే అతి పెద్ద ప్రశంస నిజానికి ప్రశంస కాదని నా వాదన. "ఇంటి భోజనంలా ఉంది" అన్నప్పుడు మనం వంటను మెచ్చుకుంటున్నామనుకుంటాం. చేసేది మాత్రం ఎదురుగా చెమటోడుస్తున్న మనిషిని పక్కకు తోసి, అక్కడ లేని ఒక అమ్మను తెచ్చి నిలబెట్టడం. హైదరాబాదులో చూడండి, ఎన్ని బోర్డుల మీద అమ్మ, అమ్మమ్మ, బామ్మ, అత్తయ్య! లోపల వండేది మాత్రం పద్నాలుగు గంటలు నిలబడి కాళ్ళ నరాలు ఉబ్బిన మగవాళ్ళు.

ఈ వాదన ముందు మా అమ్మ దగ్గర పెట్టాను. నొచ్చుకుంటుందనుకున్నాను. "నేను ప్రేమతో వండానని నీకెవరు చెప్పారు?" అంది. "రోజూ ప్రేమ ఎక్కడి నుంచి వస్తుందే? ఎనిమిదింటికి మీ నాన్నకు క్యారేజీ కావాలి, అందుకని వండాను. ప్రేమ అంటే జీతం అడగనని ధైర్యం." ఆ మాటతో నాకు మరో సంగతి తట్టింది. ఆ పొగడ్త హోటలు మాస్టరుకే కాదు, అమ్మకు కూడా అన్యాయమే. ఒకరి పనిని ప్రేమ అని, ఇంకొకరి పనిని ఆ ప్రేమకు నకలు అని అంటున్నాం. ఇద్దరి పనితనమూ లెక్కలోకి రాకుండా పోతోంది.

సరే, పెనం దగ్గరకు వద్దాం.

ఆ తరువాతి సెలవుల్లో పదిహేను రోజులు ఆయన వెనకాల నిలబడతానని అడిగాను. "నిలబడు, అడ్డం రాకు" అన్నారు. అది నాలుగడుగుల పొడవున్న మందపాటి ఇనుప పెనం. కింద మంట మధ్యలో ఉంటుంది కనక అక్కడ వేడి ఎక్కువ, అంచుల్లో తక్కువ. నాకది ఒకే పెనంలా కనిపించేది. ఆయనకది ఆరేడు పెనాలు. దోరగా కావాలన్నవారి అట్టు ఒకచోట, మెత్తగా అడిగిన ముసలాయన అట్టు మరోచోట. వేసే వరస ఒకటి, తీసే వరస ఇంకొకటి. ఏది ఎవరిదో కాగితం ఉండదు. ఆయన తప్పు చేయగా నేను చూడలేదు.

ప్రతి వాయికీ ముందు ఈనెల చీపురు నీళ్ళలో ముంచి పెనం మీద చిలకరిస్తారు. శుభ్రం చేయడానికనుకునేదాన్ని. సగమే నిజం. ఆయన ఆ నీటి చుక్కలను చూస్తారు, వాటి చప్పుడు వింటారు. చుక్క అక్కడే కూర్చుని నెమ్మదిగా మరిగితే పెనం ఇంకా కాగలేదని అర్థం. ఒక్కసారి సుయ్యిమని ఆవిరైతే సరైన వేడి. ముత్యాల్లా గుండ్రంగా మారి అటూ ఇటూ పరుగెడితే వేడి మితిమీరిందన్నమాట. అప్పుడు పిండి పోస్తే పరచుకోదు, గరిటెకు చుట్టుకుని లేచి వస్తుంది. అలా పరుగెత్తే చుక్కల గురించి 1756లో లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు రాశాడని, అందుకే దానికి ఆయన పేరు పెట్టారని మా తరగతిలో చెప్పారు. చుక్క అడుగున పుట్టిన ఆవిరి పొర దాన్ని పెనానికి తగలనివ్వకుండా మోస్తుంది. ఈ సంగతి మాస్టరుకు ఉత్సాహంగా చెప్పాను. శ్రద్ధగా విన్నారు. "డాక్టరుగారికి అట్లతో ఏం పని?" అని అడిగారు. నా దగ్గర జవాబు లేదు.

పెసరట్టు దోసెకు చెల్లెలనుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు. కాదు. దోసెపిండి పులియాలి, దానికి రాత్రంతా గడువుంటుంది, పెసరపిండి పులవకూడదు. పెసలు నానాలి కానీ మొలక ఎత్తకూడదు. అల్లం, పచ్చిమిర్చి వేసి రుబ్బాక ఆలస్యమైతే రంగు మారి, రుచి దిగిపోతుంది. అంటే తెల్లవారుజామున ఒక్కసారి రుబ్బి పెట్టుకుంటే కుదరదు. ఎంతమంది వస్తారో ముందే ఊహించి, విడతలు విడతలుగా రుబ్బించాలి. ముహూర్తాల రోజుల్లో, వాన రోజుల్లో, కాలేజీ పరీక్షల రోజుల్లో ఆ ఊహ మారుతుంది. నేనున్న పదిహేను రోజుల్లో పారబోసిన పిండి రెండు గరిటెలకు మించలేదు. మా కళాశాలలో దీన్ని డిమాండ్ అంచనా అంటారు. దానికి మాకొక పేపరు ఉంది. అందులో నాకు 61 మార్కులు వచ్చాయి.

మా చదువును తక్కువ చేయడం లేదు. అక్కడ నేర్చుకున్నవాటికి నేను రుణపడి ఉన్నాను. కానీ ఆ చదువుకో చూపు ఉంది, అది ఎప్పుడూ ఒక్క దిక్కుకే. మొదటి ఆరునెలలూ ఫ్రెంచి. వంద సంవత్సరాలకు పైగా హోటళ్ళ వంటగదులను నడిపిస్తున్న పద్ధతి ఎస్కాఫియే అనే ఫ్రెంచి చెఫ్ పెట్టింది కాబట్టి అక్కడ మొదలుపెట్టడం సబబే. బెషమెల్, వెలూటే, ఎస్పన్యోల్, టొమాటో, హాలండేజ్ అనే అయిదు తల్లి సాసులూ నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఆ తరువాత భారతీయ ప్రాంతీయ వంటలు వస్తాయి. అందులో ఆంధ్రకు దక్కేది గోంగూర మాంసం, పులిహోర, పెసరట్టు, ఇంకో రెండు. ఒక మధ్యాహ్నంలో అయిపోయింది. "కారం ఎక్కువ" అని నోట్సులో రాసుకున్నాం.

పాకాలు చెప్పిన రోజు నాకు బాగా గుర్తు. పంచదార పాకాన్ని థర్మామీటరుతో కొలవాలి. 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉన్నప్పుడు ఒక చుక్క చన్నీళ్ళలో వేస్తే మెత్తని ఉండ అవుతుంది, ఆ దశకు ఇంగ్లీషులో ఒక పేరు, ఫ్రెంచిలో ఒక పేరు. రెండూ పలకమన్నారు. నేను చెయ్యెత్తి, మా వైపు దీన్ని ఉండపాకం అంటారండీ అన్నాను. చన్నీళ్ళలో వేసి చూసే పరీక్ష కూడా అదే. లేతపాకం, తీగపాకం, ఉండపాకం, ముదురుపాకం, ప్రతి దశకూ తెలుగులో పేరు ఉంది, ప్రతిదానికీ వేళ్ళతో చేసే పరీక్ష ఉంది. తరగతి నవ్వింది. ఎందుకు నవ్వారో ఇప్పటికీ అర్థం కాదు. బహుశా "పాకం" అనే మాట వంటింట్లోది, అది తరగతి గదిలోకి వచ్చినందుకు నవ్వి ఉంటారు.

వేళ్ళ మధ్య తీగ సాగడం చూసి పాకం చెప్పేవాళ్ళు మా జిల్లాల్లో ఎంతమందో! కాకినాడ గొట్టం కాజా తీసుకోండి. పైన పెళుసు, లోపల గుల్ల, ఆ గుల్లలో పాకం. కొరికితే చొక్కా మీద పడాలి, పడకపోతే అది కాకినాడ కాజా కాదు. ఇది మిఠాయి దుకాణంలో దొరికే భౌతికశాస్త్రం. నూనె వేడి ఎక్కువైతే పైన ఎర్రబడి లోపల పిండిగా మిగులుతుంది. నిదానంగా వేగితేనే పొరలు విడి లోపల బోలు అవుతుంది. పాకం పలచనైతే కాజా నానిపోతుంది, ముదిరితే లోపలికి వెళ్ళకుండా పైనే గడ్డకడుతుంది. మండపేట పక్కన తాపేశ్వరంలో మడత కాజా పద్ధతి వేరు. అక్కడ గొట్టం లేదు, పొరల మధ్య పాకం. సుమారు గంట ప్రయాణంలో ఒకే పిండి, ఒకే పంచదార రెండు శాస్త్రాలయ్యాయి. ఫ్రాన్సులో ఇలాంటివి రెండు ఊళ్ళ మధ్య ఉంటే మాకు పరీక్షలో పది మార్కుల ప్రశ్న వచ్చేది. తాపేశ్వరం వాళ్ళు 2016లో 29,465 కిలోల లడ్డూ చేసి గిన్నిస్ రికార్డు సాధించారు. పత్రికలు ఆ బరువు గురించి రాశాయి. అంత పెద్ద ముద్ద విరిగిపోకుండా నిలవాలంటే పాకం ఎక్కడ ఆపాలో తెలిసిన చేయి గురించి ఎవరైనా రాశారేమో, నా కంటపడలేదు.

ఇక కత్తి. మా మొదటి పరీక్ష క్యారెట్లను 3 మిల్లీమీటర్ల ఘనాలుగా తరగడం. నెల రోజులు పట్టింది నాకు. వేలు రెండుసార్లు తెగింది. ఆ వేసవిలో ఊరికి వెళ్ళి మార్కెట్లో పనసపొట్టు కొట్టే ఆయన ముందు నిలబడ్డాను. చిన్నప్పటి నుంచి చూస్తున్నదే, కానీ అప్పుడే మొదటిసారి చూశాను. లేత పనసకాయ. చేతికి, కత్తికి నూనె. పైచెక్కు నాలుగు వేటుల్లో పోయింది. తరువాత కాయను తిప్పుతూ కత్తితో టకటకా కొడుతుంటే పొట్టు కుప్ప పోస్తోంది. పీచు, తొన, గింజ, మధ్య దవ్వ, ఒక్కోదాని గట్టిదనం ఒక్కోలా ఉంటుంది. పొట్టు మాత్రం అంతా ఒకే సైజు. జిగురు ఎక్కడా పట్టనివ్వడు. అటు బేరం ఆడుతున్నాడు, ఇటు పక్క కొట్టువాడితో రాజకీయం మాట్లాడుతున్నాడు. నా తెల్లకోటు ఆ సమయంలో ఒంటి మీద లేకపోవడం నా అదృష్టం.

పనసపొట్టు ఆవ పెట్టిన కూర మా గోదావరి పెళ్ళిళ్ళలో రాజు. కంద బచ్చలి రాణి అంటారు కొందరు, ఆ తగవు ఇప్పుడు వద్దు. ఆ కూరను ప్రాంతీయ వంటల ప్రాజెక్టుగా నేనే తీసుకున్నాను. మాకిచ్చిన పాత పద్ధతి కాగితంలో, నూరిన ఆవముద్దను నూనెలో వేయించి పొట్టు వేయమని ఉంది. అలాగే చేశాను. ఘాటు లేదు, చేదు మాత్రం ఉంది. మార్కులు బాగానే వేశారు, ఎందుకంటే అసలు రుచి తెలిసినవాళ్ళు బల్లకు ఆ వైపు ఎవరూ లేరు. పెళ్ళిళ్ళకు వండే పంతులుగారొకరు మా ఇంటికి బంధువు. ఫోను చేసి అడిగితే, "ఆవ పొయ్యి మీద పెట్టావా? అయితే అది ఆవ కాదమ్మా, పాపం" అన్నారు. కూర దించి, వేడి తగ్గాక కలపాలి. తరువాత పుస్తకాలు తిరగేస్తే కారణం దొరికింది. ఆవగింజను నీటితో నూరినప్పుడు అందులోని మైరోసినేజ్ అనే ఎంజైమ్ పని మొదలుపెట్టి ఘాటును పుట్టిస్తుంది. వేడి తగిలితే ఎంజైమూ చస్తుంది, పుట్టిన ఘాటూ ఎగిరిపోతుంది. పంతులుగారికి ఎంజైమ్ తెలియదు. మా కాగితం రాసినవారికి తెలిసే ఉంటుంది. కూర ఎవరిది బాగుందో చెప్పనక్కరలేదు.

ఈ పంతులుగారి గురించి ఇంకొంచెం చెప్పాలి. నేను ఆయన బృందంతో ఒక పెళ్ళికి వెళ్ళాను. వెయ్యిమంది. నేల తవ్వి గాడిపొయ్యి, దాని మీద గుండిగలు, పడవ తెడ్లంత గరిటెలు. మా కళాశాలలో మొదటి రోజు నుంచి చెవిలో పోసే మంత్రం ఒకటి ఉంది: రుచి చూడు, మళ్ళీ చూడు, వడ్డించే ముందు ఇంకోసారి చూడు. పంతులుగారు ఒక్క చుక్క నాలుక మీద వేసుకోలేదు. నైవేద్యం కాకుండా ఎంగిలి చేయకూడదు. మరి వెయ్యిమంది పులుసులో ఉప్పు సరిపోయిందని ఎలా తెలుస్తుంది? "వాసనకు తెలుస్తుంది. ఉప్పు చాలకపోతే పులుసు వాసన పచ్చిగా వస్తుంది" అన్నారు. నమ్మలేదు. బంతిలో కూర్చుని తిన్నాను. ఉప్పు సరిగ్గా ఉంది. కాకతాళీయం అనుకుని ఇంకో రెండు పెళ్ళిళ్ళకు వెళ్ళాను. మూడో పెళ్ళిలో దప్పళంలో ఉప్పు ఒక రవ్వ తక్కువైంది. ఆ సంగతి నేను చెప్పకముందే, గుండిగ దగ్గరకు వంగి, పిడికెడు ఉప్పు తీసి వేశారాయన.

ఇంత పనితనం ఉన్న మనుషులకు మన భాషలో గౌరవం ఎందుకు లేదు? గొప్ప వంటకు మనం ఇచ్చే బిరుదు నలభీమపాకం. ఆ ఇద్దరూ ఎవరు? రాచబిడ్డలు. ఎప్పుడు వండారు? రాజ్యం పోయాక, వేషం మార్చుకున్నాక. నలుడు బాహుకుడై ఋతుపర్ణుడి కొలువులో, భీముడు వలలుడై విరాటుడి వంటశాలలో. అంతటి దేహం ఉన్న భీముణ్ణి పట్టుకోవడానికి గూఢచారులు దేశమంతా తిరుగుతుంటే, ఆయన దాక్కోవడానికి ఎంచుకున్న చోటు పొయ్యి ముందు. వంటవాడి ముఖం ఎవరూ చూడరన్న సంగతి ఆ కాలానికే అందరికీ తెలుసు కాబోలు. మన వంటకు పెట్టని కోటలాంటి ఈ సామెత చెబుతున్నది ఇదే: వంట గొప్పది, వండినవాడు ఇంకెవరో.

దానికి తోడు అన్నం అమ్ముకోవడం పాపమనే నమ్మకం. అన్నం పెట్టేవాళ్ళకు దండం, అమ్మేవాళ్ళకు చిన్నచూపు. కోనసీమ లంకల గన్నవరంలో డొక్కా సీతమ్మగారు దారినపోయే ప్రతి మనిషికీ అన్నం పెట్టారు. ఆవిడ పోయింది 1909లో. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడిపిల్లల మధ్యాహ్న భోజనానికి ఆవిడ పేరు పెట్టింది. ఆవిడకు ఎంత చేసినా తక్కువే. అయితే ఆ పథకం కింద రోజూ వండే ఆడవాళ్ళను మీ ఊరి బడిలో ఎవరైనా పేరుపెట్టి పిలుస్తారేమో కనుక్కోండి. వంటామె అంటారు, అంతే.

ఇలాగే ఎప్పుడూ లేదు. సుమారు ఆరు వందల ఏళ్ళ నాటి క్రీడాభిరామం అనే తెలుగు కావ్యంలో ఓరుగల్లు పూటకూళ్ళ ఇంటి భోజనం మీద ఒక పద్యం ఉంది. కప్పురభోగి బియ్యపు వంటకం, గోధుమపిండి వంట, పంచదార, అప్పుడే కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్ళు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు, ఇంతా కలిపి ఒక్క రూకకు. నన్ను పట్టుకున్నది ఆ పట్టిక కాదు. ఆ పద్యంలో లక్ష్మణవజ్ఝల ఇల్లు అని పేరు చెప్పాడు కవి. డబ్బు తీసుకుని అన్నం పెట్టిన ఇంటి పేరు, ధరతో సహా, పద్యంలోకి ఎక్కింది. ఈ రోజుల్లో హోటలుకు వెళ్ళి వచ్చినవాళ్ళు బొమ్మలు పెడతారు, ధర పెడతారు, పార్కింగు ఉందో లేదో కూడా రాస్తారు.

పేర్లు మిగిలినవాళ్ళు లేరా అంటే ఉన్నారు. కాకినాడలో కోటయ్య కాజా అంటాం, సుబ్బయ్య హోటలు అంటాం. ఆ సుబ్బయ్య హోటలు భోజనం గురించి, బుట్ట భోజనం గురించి నేను రాయనక్కరలేదు. హైదరాబాదులో కూడా ఇప్పుడు ఆ పేరుతో వరస కట్టి నిలబడుతున్నారు. నాకూ ఆ వంటంటే ఇష్టమే. కానీ గమనించండి, మిగిలిన పేర్లన్నీ దుకాణం ఎవరిదో వాళ్ళవి. జీతానికి పెనం ముందు నిలబడినవాళ్ళలో ఒక్క పేరైనా ఊరు గుర్తుపెట్టుకుందా? ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గుర్తింపు ఊరిది. సంతోషమే. రేకు తీసే చేతులు ఆడవాళ్ళవి.

ఆ రేకు తీయడం నేను ప్రయత్నించాను. బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట. పలచని బియ్యపు పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క ఊపులో పరవాలి. పరిచినంతసేపే, రేకు వచ్చేస్తుంది. నాకు మొదటిది చిరిగింది, రెండోది మాడింది, మూడోది కుండ వదలలేదు. పన్నెండో ప్రయత్నానికి అరచేయంత ముక్క వచ్చింది. నాకు నేర్పిన ఆవిడ దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, "పిల్లి కూడా తినదు" అని పక్కన పెట్టి నవ్వారు. ఆ కుండ వేడికి ఆవిడ చేతి మీద వెంట్రుక అన్నది లేదు. మా పెద్ద పెద్ద హోటళ్ళలో ఇలాంటి పారదర్శకమైన పొర పళ్ళెంలో కనిపిస్తే దాని పక్కన చెఫ్ పేరు ముద్రిస్తారు.

పులస గురించి రాయలేదేమని మావైపు వాళ్ళు అడుగుతారు. రాయను. పులస మాట ఎత్తితే ధర గురించి తప్ప ఇంకేమీ మాట్లాడరు. పుస్తెలమ్మి కొనమన్నారు కానీ, కొన్నాక పాడుచేయకుండా వండింది ఎవరో చెప్పలేదు.

ఇంతా చదివి, ఊరి హోటళ్ళన్నీ స్వర్గమని నేను అంటున్నాననుకోకండి. మరిగిన నూనెలోనే మళ్ళీ మళ్ళీ బజ్జీలు తీసే చోట్లు నాకు తెలుసు. రంగు కలిపిన కోడిపలావు తెలుసు. వంటసోడా మీద బతికే ఇడ్లీ తెలుసు; నోట్లో పెట్టగానే పట్టేస్తాను. మా పెసరట్ల మాస్టరు కూడా కొబ్బరి చట్నీని పదింటి దాకా పొయ్యి పక్కన గిన్నెలో ఉంచేవారు. 5 నుంచి 60 డిగ్రీల మధ్య సూక్ష్మజీవులు పెరుగుతాయని మాకు మొదటి వారంలోనే నూరిపోస్తారు. ఆ గిన్నె ఉన్నది సరిగ్గా ఆ మధ్యలోనే. చెప్పాను. "ముప్పై ఏళ్ళుగా ఎవరికీ ఏమీ కాలేదు" అన్నారు. అవునండీ, అయినవాళ్ళు మళ్ళీ వచ్చి మీకు చెప్పరు కదా అన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు చట్నీ రెండు విడతలుగా రుబ్బించారు. ఆ రోజు నాకు కలిగిన గర్వం కళాశాలలో ఏ మార్కుకూ కలగలేదు. అభిమానం అంటే నోరు మూసుకోవడం కాదు. సాటి పనివాళ్ళనుకుంటేనే కదా తప్పు చెప్పగలిగేది, మనల్ని తప్పు పట్టనిచ్చేది.

ఇంకొకటుంది, ఇది మా ఊరివాళ్ళకు రుచించదు. "ఆ పనితనం మన గోదావరి నీళ్ళలో ఉందండీ, రక్తంలో ఉందండీ" అంటుంటారు. నాకు ఆ మాట కూడా నచ్చదు. ఇప్పుడు ఆ పెనం దగ్గర రెండో మనిషి ఒడిశా కుర్రవాడు. వచ్చినప్పుడు తెలుగు రాదు, పెసరట్టు ఎప్పుడూ తినలేదు. ఏడాది ఉల్లిపాయలు తరిగాడు, ఏడాది పిండి రుబ్బాడు. మాస్టరు ఊరికి వెళ్ళిన రోజుల్లో అతను వేసిన అట్టు తిని, తేడా పట్టలేక మా నాన్న మాస్టరునే మెచ్చుకుని వచ్చారు. నీళ్ళలో ఉంటే ఈదడం వచ్చి ఉండాలి, అట్టు కాదు. అది పని. నేర్పేవాళ్ళుంటే, నేర్చుకునేవాళ్ళుంటే వస్తుంది. మాస్టరు ఇద్దరు కొడుకులూ అది నేర్చుకోలేదు, ఆయన నేర్చుకోనివ్వలేదు. "పెనం ముందు ముప్పై వేసవులు చాలు మా ఇంటికి" అన్నారు. ఒకడు హైదరాబాదులో కంప్యూటర్ ఉద్యోగం, ఇంకొకడు చదువుతున్నాడు. నీళ్ళలో, రక్తంలో ఉందని మురిసిపోయేవాళ్ళెవరూ తమ పిల్లలను ఆ పెనం దగ్గరకు పంపడం నేను చూడలేదు. నేను వెళతానంటే మా మేనత్త నెల రోజులు మా ఇంటికి రాలేదు. స్టార్ హోటలు అని చెప్పాక మెత్తబడింది.

మొన్న చివరి సంవత్సరం దరఖాస్తు ఒకటి నింపాల్సి వచ్చింది. "మీకు స్ఫూర్తినిచ్చిన చెఫ్ పేరు" అని ఒక గడి ఉంది. నా స్నేహితులు టీవీలో వచ్చేవాళ్ళ పేర్లు చకచకా రాసేశారు. నేను పెన్ను పట్టుకుని కూర్చున్నాను. పదిహేనేళ్ళుగా ఆ మనిషి చేతి అట్టు తింటున్నాను, పదిహేను రోజులు ఆయన వెనక నిలబడ్డాను, ఇన్ని పేజీల వాదన తలలో కట్టుకున్నాను. ఆయన పేరు నాకు తెలియదు. మాస్టరు, అంతే. ఊళ్ళో అందరికీ అంతే.

దసరాకు ఊరికి వెళ్ళగానే తిన్నగా హోటలుకు వెళ్ళాను. గల్లా పెట్టె పైన గోడకు హోటలు పెట్టిన పెద్దాయన ఫొటో, చందనం దండ. దాని కింద ఇప్పటి యజమాని. పదిన్నర దాటింది, రద్దీ తగ్గింది. మాస్టరు పెనం మీద చీపురు తిప్పుతున్నారు. సిగ్గు చంపుకుని అడిగాను. ఆయన చీపురు ఆపి నన్ను చూశారు. మొదటిసారి అనుకుంటాను, పని మధ్యలో ఆపడం. ఎందుకు అన్నారు. దరఖాస్తు సంగతి చెప్పాను, ఈ వ్యాసం సంగతీ చెప్పాను. ఇంటిపేరుతో సహా చెప్పారు. అందమైన పేరు.

"దరఖాస్తులో రాసుకో. ఆ రెండో దాంట్లో మాత్రం వద్దు."

"ఎందుకండీ?"

గొంతు తగ్గించి గల్లా వైపు చూశారు. "పేరు బయటికొస్తే పక్క హోటలువాళ్ళు కబురు చేస్తారు. వాళ్ళు కబురు చేసినట్టు ఈయనకు తెలుస్తుంది. నేను వెళ్ళిపోతాననుకుంటాడు. పండగ ముందు అడ్వాన్సు అడగాలి, ఇప్పుడు ఈ గొడవలెందుకు?" అని, చీపురు మళ్ళీ నీళ్ళలో ముంచి, "ఖాళీగా నిలబడకు, ఆ ఉల్లిపాయలు తరుగు. సన్నగా" అన్నారు.